గోళీ పురుగును డబ్బాలో బతికించుకోవడం

మా మిద్దె మీద బెండ కుండీ జరిపితే చాలు, అడుగున బూడిదరంగు పురుగులు కనబడతాయి. వేలు తగిలితే గోళీలా చుట్టుకుంటాయి. గోళీ పురుగు అని పేరు పెట్టింది మా చిన్నదే. పెంచుతానని అది పట్టుబట్టితే, మొదటి విడత పురుగుల్ని నేనే చంపేశాను. గాజు సీసాలో మట్టి పోసి, బురదయ్యేదాకా తడిపి, మూత బిగించి కిటికీలో పెట్టాను. తిరుపతి ఎండ సంగతి తెలిసిందే కదా, మధ్యాహ్నానికి సీసా ఉడికిపోయింది.

తర్వాత తెలిసింది, ఇది రొయ్యకూ ఎండ్రకాయకూ చుట్టమని. పొట్ట కింద, తోకవైపు మొప్పల్లాంటి రేకులుంటాయి, ఊపిరి వాటితోనే. అవి ఆరితే చస్తుంది, నీళ్లలో ఎక్కువసేపు నానినా చస్తుంది. అందుకని డబ్బాలో సగం తడి, సగం పొడి. ఎటు ఉండాలో అదే చూసుకుంటుంది.

అక్టోబరు వానలు పడ్డాక పొద్దున్నే కుండీల కింది ఇటుకలు ఎత్తి వెతకండి. కొండ మీద అడవిలోంచి మాత్రం తేవద్దు, అది నేషనల్ పార్కు. రోకలిబండను చూసి ఇదే అనుకునేరు. అది చాపచుట్టలా చుట్టుకుంటుంది, కాళ్లు లెక్కకు అందవు. దీనికి పద్నాలుగే.

పాత బిస్కెట్ల డబ్బా మూతకు సూదితో బెజ్జాలు పెట్టండి. రెండు వేళ్ల మందాన మందు కొట్టని మట్టి, పైన ఎండు మామిడాకులు, ఒక పుచ్చిన చెక్కముక్క. పెంకు గట్టిపడడానికి సున్నం కావాలి, కోడిగుడ్డు పెంకు నలిపి వేయండి. దోసకాయ ముక్క పెడితే బూజు పట్టకముందే తీసేయండి. రెండు రోజులకోసారి ఒక మూలే తడపండి. డబ్బా నీడలోనే ఉండాలి.

ఒకరోజు ముందు సగం నల్లగా, వెనక సగం లేతగా ఉన్నదాన్ని చూసి జబ్బు చేసిందనుకున్నాం. కుబుసం విడుస్తోందట. మొదట వెనక సగం, ఒకట్రెండు రోజులకు ముందు సగం. అప్పుడు ముట్టుకోకండి, ఒళ్లు మెత్తగా ఉంటుంది. తల్లి గుడ్లను పొట్ట కింది సంచిలోనే మోస్తుంది. బయటికొచ్చే పిల్లలు తెల్లగా, నువ్వుగింజ కంటే చిన్నగా ఉంటాయి, కాళ్లు పన్నెండే.

సముద్రం ఒడ్డున గెంతే ఇసక పురుగులూ వీటి బంధువులే, కానీ వాటికి తడి ఇసక, కుళ్లిన నాచు కావాలి. మన డబ్బాలో బతకవు.

సంతానం ఎక్కువైతే ఎండాకుల కుప్పలో వదలండి. నారు కుండీలో వద్దు, ఎండాకు దొరక్కపోతే లేత మొలకలు కొరికేస్తాయి. మా కొత్తిమీర అలాగే పోయింది.