ఎబ్రో డెల్టాలో గ్రావెల్ సైక్లింగ్: హైదరాబాద్ నుంచి ఎలా సిద్ధపడాలి

స్పెయిన్‌లో బార్సిలోనాకి దక్షిణాన, ఎబ్రో నది మధ్యధరా సముద్రంలో కలిసేచోట సుమారు 320 చదరపు కిలోమీటర్ల డెల్టా ఉంది. వరి మడులు, కాలువ గట్లు, ఉప్పునీటి మడుగులు, వాటిలో ఫ్లమింగోలు, చివర్లో సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఇసుక మేటలు. మట్టిదారుల మీద తొక్కడానికి వెడల్పు టైర్లతో ఉండే గ్రావెల్ సైకిల్‌కి ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. చాలా భాగం సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల కంటే ఎత్తుండదు కాబట్టి అనంతగిరి గుట్టలు ఎక్కే మనకి ఇదేం లెక్క అనిపిస్తుంది. దయచేసి అలా అనుకుని వెళ్ళకండి. అక్కడ కాళ్ళని పిండేది గాలి. ఏ రోజు ఎటు తొక్కాలి, ఎన్నింటికి బయల్దేరాలి, ఏ ఊళ్ళో పడుకోవాలి, అన్నీ గాలిని చూసి పెట్టుకోవాలి. నేను పట్టుబట్టి చెప్పేది ఇదొక్కటే.

ముఖ్యంగా రెండు గాలుల గురించి తెలుసుకోండి. మెస్త్రాల్ అనేది ఎబ్రో లోయ వెంట వాయవ్యం నుంచి దిగే పొడిగాలి. చలికాలంలో దీని జోరు ఎక్కువ, ఒకసారి మొదలైతే రోజుల తరబడి వదలకపోవచ్చు. రెండోది గర్బీ, ఎండాకాలం మధ్యాహ్నాలు సముద్రం మీంచి నైరుతి దిక్కు నుంచి వచ్చేది. పొద్దున్న ఆకు కూడా కదలదు, హాయిగా ముప్పై కిలోమీటర్లు వెళ్ళిపోతాం, తిరుగు ప్రయాణంలో అదే దారి రెట్టింపు దూరంలా అనిపిస్తుంది, పైగా వరి మడుల మధ్య దాక్కోవడానికి చెట్టు గానీ గోడ గానీ ఉండదు. కాబట్టి గర్బీ కాలంలో పొద్దున్నే దక్షిణానికి వెళ్ళి మధ్యాహ్నం ఉత్తరానికి తిరగండి. మెస్త్రాల్ వీచే రోజు ఎగువనున్న తొర్తోసా ఊరి నుంచి నది వెంట సముద్రం వైపు దిగండి, గాలి వెనక నుంచి తోస్తుంది. గట్టిగా వీస్తుంటే ఆ రోజుకి అటే పడుకోండి, మొండిగా ఎదురు తొక్కి సాధించేదేమీ లేదు.

ఇక ఇక్కడ ప్రాక్టీస్ సంగతి. మన హైదరాబాద్ రోడ్లన్నీ ఎగుడుదిగుళ్ళు, చిన్న ఎత్తు ఎక్కగానే దిగుడు వస్తుంది, పెడల్ ఆపి ఊపిరి తీసుకుంటాం. డెల్టాలో ఆ విరామం దొరకదు, మూడు నాలుగు గంటలు సీటు మీద నుంచి లేవకుండా ఒకే తీరున తొక్కుతూనే ఉండాలి. తొడల కంటే ముందు నడుము, అరచేతులు, సీటు తగిలే చోటు నొప్పెడతాయి. దీనికి 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తెరిచిన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ బాగా పనికొస్తుంది. తెరిచినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ వైపు నుంచి మొదలుపెట్టి, పెడల్ ఒక్కసారి కూడా ఆపకుండా గంటన్నర తొక్కడం అలవాటు చేసుకోండి. స్పీడు ముఖ్యం కాదు, గేరు తేలిగ్గా పెట్టి నిమిషానికి 85, 90 సార్లు కాలు తిరిగేలా చూసుకోండి. ఎదురుగాలికి మాత్రం జూన్ నుంచి ఆగస్టు వరకు పడమటి గాలి ఉన్నప్పుడు నార్సింగి నుంచి శంకర్‌పల్లి వైపు వెళ్ళండి. హ్యాండిల్ కింది భాగం పట్టుకుని, మోచేతులు వంచి, తల దించి ఎంతసేపు ఉండగలరో అప్పుడే తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరి వెనక ఒకరు మారుతూ తొక్కడం కూడా అక్కడే నేర్చుకోండి. పక్కగాలి వీస్తే నేరుగా వెనక కాకుండా గాలి తగలని పక్కకి కొంచెం జరిగి ఉండాలి. బండ్లు తిరిగే రోడ్డు మీద ఇది చేయకండి, ఖాళీ మట్టిదారి మీద మాత్రమే.

టైర్లు 40 నుంచి 45 మిల్లీమీటర్లు, ట్యూబ్‌లెస్. మన ఎండలకి లోపల పోసే సీలెంట్ త్వరగా ఎండిపోతుంది, ప్రయాణానికి ముందు తప్పకుండా కొత్తది పోయించండి. డెబ్బై కిలోల మనిషికి కాలువ గట్ల మీద టైర్లలో గాలి 30, 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది. ఇసుకలోకి వెళ్ళేముందు ఇంకో ఐదారు తగ్గించి, బయటికొచ్చాక మళ్ళీ కొట్టుకోవాలి, అందుకని చిన్న పంపు దగ్గరుండాలి. ఇసుక రాకముందే గేరు తగ్గించండి, బరువు వెనక్కి వేయండి, హ్యాండిల్‌ని బిగించి పట్టుకోవద్దు, చక్రం దానంతటదే దారి వెతుక్కుంటుంది, ముందు బ్రేకు అసలు ముట్టుకోవద్దు. కూరుకుపోతే దిగి నడవండి. వాన పడ్డాక మాత్రం మడుల మధ్య దారులు వదిలేయండి. చేవెళ్ళ దాటాక నల్లరేగడిలో వానాకాలం చక్రం ఎలా బిగుసుకుపోతుందో చూసినవాళ్ళకి ఆ ఒండ్రు బురద గురించి వేరే చెప్పక్కర్లేదు. అలాంటి రోజు తారు రోడ్డే దిక్కు.

సైకిల్ మోసుకెళ్ళాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా? వారం లోపు ట్రిప్ అయితే అద్దెకే తీసుకోమంటాను. మీ పెడల్స్, సీటు పట్టుకెళితే చాలు, ఎత్తు, ఫ్రేమ్ సైజు ముందే చెప్పండి. ఒక్క జాగ్రత్త, అక్కడి సైకిళ్ళకి సాధారణంగా ఎడమ చేతిది ముందు బ్రేకు. మనకి చాలావాటికి కుడి చేతిది ముందుది కాబట్టి మొదటి పావుగంట నెమ్మదిగా తిరిగి చెయ్యి అలవాటు చేసుకోండి. సొంత సైకిలే అంటారా, చక్రం తీయగానే డిస్క్ బ్రేకు ప్యాడ్‌ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి, లేకపోతే పెట్టెలో లివర్ నొక్కుకుని అక్కడ చక్రం ఎక్కదు. వెనక డెరైలర్ (గేర్లు మార్చే భాగం) విప్పి గుడ్డ చుట్టండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, బలం చూపించి పాడుచేయకండి.

ఎప్పుడు వెళ్ళాలంటే మే నెల నా ఓటు. ఏప్రిల్ నుంచి మడుల్లోకి నీళ్ళు వదులుతారు, మే నాటికి ఆకాశమంతా ఆ నీళ్ళలోనే కనిపిస్తుంది. కోతలు సెప్టెంబరులో, అక్టోబరు కూడా బాగుంటుంది. జులై, ఆగస్టుల్లో ఎండతో పాటు దోమలు, సాయంత్రమైతే నిలబడి నీళ్ళు తాగలేం.

దారి ఇలా పెట్టుకోండి. బార్సిలోనా నుంచి తొర్తోసా వైపు వెళ్ళే ప్రాంతీయ రైల్లో, జాగా ఉంటే, సైకిల్ విప్పకుండానే ఎక్కించొచ్చు. లాంపోయాలో దిగండి. అక్కడి నుంచి ఫంగార్ ఇసుక మేట, అక్కడి లైట్‌హౌస్, తర్వాత నది ముఖద్వారం దగ్గరి రియుమార్, వెనక్కి డెల్టెబ్రెలో బస. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో ఇసుక మీద కొన్ని చోట్ల తాళ్ళు కట్టి బోర్డులు పెడతారు, అవి దాటకండి, 1983 నుంచి ఇది రక్షిత ప్రకృతి పార్కు.

మర్నాడు 2010లో కట్టిన లో పసదోర్ వంతెన మీద ఎబ్రో దాటి సంత్ జౌమె, పొబ్లెనౌ, ఎంకన్యిసదా మడుగు చుట్టూ తిరిగి త్రబుకదోర్‌కి రండి. రెండు వైపులా నీళ్ళు, మధ్యలో ఆరు కిలోమీటర్ల సన్నటి ఇసుక దారి. ఇక్కడ ఫోన్ మ్యాపులో ఎప్పుడో దాచుకున్న పాత దారిని నమ్మొద్దు. 2020 జనవరిలో గ్లోరియా తుపాను ఈ మేటని తెంచేసింది, మడుల్లోకి సముద్రం వచ్చింది. ఎగువన మెకినెంసా, రిబా రోజా డ్యాములు ఒండ్రుని ఆపేయడంతో డెల్టాకి కొత్త మట్టి అందడం లేదు, తీరం వెనక్కి జరుగుతోంది. ధవళేశ్వరం దిగువ ఊళ్ళవాళ్ళకి ఇది చదువుతుంటేనే అర్థమవుతుంది, ఆ ఇసుక మీద తొక్కే మనమూ తెలుసుకుని తొక్కాలి. పొద్దున్నే హోటల్లో అడగండి, దారి తెరిచే ఉందో లేదో ఊళ్ళోవాళ్ళకి తెలుస్తుంది. చివరనున్న పుంతా దె లా బన్యాలోకి మామూలుగా వెళ్ళనివ్వరు, అక్కడ ఫ్లమింగోలు గూళ్ళు కడతాయి.

మూడో రోజుకి గాలి బాగా ఎక్కువుంటే డెల్టా వదిలి అంపోస్తా మీదుగా తొర్తోసా చేరి పాత రైలు దారి ఎక్కండి. 1973లో సొరంగం కూలి మూతపడ్డ లైను అది, ఇప్పుడు సైకిళ్ళకి వదిలారు. రైలు దారి కాబట్టి ఎత్తు నెమ్మదిగా పెరుగుతుంది, కొండలు గాలిని కొంత కాస్తాయి. సొరంగాలున్నాయి, లైటు తప్పనిసరి.

రోడ్డు మీద కుడివైపు తొక్కాలి, సర్కిల్ దగ్గర ఎడమ నుంచి వచ్చేవాళ్ళని చూడాలి. మన మెదడు రెండు రోజుల దాకా ఒప్పుకోదు, ముఖ్యంగా టీ తాగి మళ్ళీ బయల్దేరినప్పుడు. ఊళ్ళ మధ్య రోడ్ల మీద హెల్మెట్ చట్టం. కార్లవాళ్ళు మనకి మీటరున్నర వదిలి దాటాలని కూడా చట్టమే.

తిండి విషయంలో టైము చూసుకోండి. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర లోపు తినకపోతే రాత్రి ఎనిమిదిన్నర దాకా వేడి భోజనం దొరకడం కష్టం, మధ్యలో దుకాణాలూ మూస్తారు. శాకాహారులు అన్నం చూసి సంతోషపడకండి, అక్కడి అన్నాన్ని ఎక్కువగా చేపల రసంలోనో బాతు మాంసంతోనో వండుతారు, అడిగి తినండి. టమాటా రుద్దిన రొట్టె ఎక్కడైనా ఉంటుంది. ఇక్కడి నుంచి పల్లీపట్టి, వేయించిన శనగలు పట్టుకెళ్ళండి, మాంసం, పాల పదార్థాలు మాత్రం బ్యాగులో పెట్టొద్దు, యూరప్‌లోకి రానివ్వరు. రెండు సీసాల నీళ్ళు నింపకుండా ఏ ఊరూ దాటకండి.

రోజూ సాయంత్రం స్నానానికంటే ముందు సైకిల్‌ని మంచినీళ్ళతో కడగండి, పైపు ధార గట్టిగా కొట్టకుండా. ఉప్పు, ఇసుక కలిస్తే గొలుసు రాత్రికి రాత్రే తుప్పు మొదలెడుతుంది. తుడిచి, ఆరబెట్టి, తడికి ఆగే నూనె చుక్క చుక్కగా వేయండి.