విండోస్ 11ని పాత పద్ధతికి తెచ్చుకోవడం

మారతహళ్ళిలో మా ఇంటికి వచ్చేటప్పుడు మామయ్యగారు తన ల్యాప్‌టాప్ కూడా వెంట తెచ్చుకుంటారు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, అందుకని 11కి మార్చాం. "స్టార్ట్ మధ్యలోకొచ్చి కూర్చుందేంటమ్మా?" అని ఆయన టెన్షన్.

ముందు అదే సరిచేయండి. టాస్క్‌బార్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్ తెరవండి. అట్టడుగున ఉన్న టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో అలైన్‌మెంట్‌ను లెఫ్ట్‌కి మారిస్తే స్టార్ట్ ఎడమ మూలకు వచ్చేస్తుంది. అక్కడే కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ అని ఇంకోటుంది, దాన్ని నెవర్ చేయండి. తెరిచిన ఒక్కో ఎక్సెల్ ఫైల్ పేరూ కింద విడివిడిగా కనబడుతుంది. మామయ్యగారికి అపార్ట్‌మెంట్ లెక్కల ఫైళ్ళన్నీ ఒకేసారి తెరిచి పెట్టుకునే అలవాటు, ఆయనకు బాగా నచ్చింది ఇదే.

అక్షరాలు ఆనకపోతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టెక్స్ట్ సైజ్. స్లైడర్ జరిపాక అప్లై నొక్కాలి. డిస్‌ప్లేలో స్కేల్ పెంచితే బటన్లు, బొమ్మలు అన్నీ పెరిగిపోయి చిన్న స్క్రీన్‌లో చోటు చాలదు. నేనైతే ముందు టెక్స్ట్ సైజే చూస్తాను.

డెస్క్‌టాప్ మీద దిస్ పీసీ (పాత మై కంప్యూటర్) ఐకాన్ కావాలంటే సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, థీమ్స్, డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్‌లో టిక్ పెట్టండి.

ఇక పాత రైట్ క్లిక్ మెనూ. ఫైల్ మీద షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే అదే వస్తుంది. రిజిస్ట్రీ, అంటే విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే చోటు, అది మార్చమని చెప్పే వీడియోలు బోలెడు. పెద్దవాళ్ళ ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆ జోలికి పోకండి.