కోతలు మొదలయ్యేలోపే వెంటిలేషన్ ఫిల్టర్ సంగతి చూసుకోండి

వానాకాలం వరి కోతలయ్యాక వరంగల్ చుట్టుపక్కల చాలాచోట్ల కొయ్యకాళ్లు తగలబెడతారు. అదే సమయంలో ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వస్తుంది, జిన్నింగు మిల్లులు నడుస్తాయి. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడి పైకి లేవదు, దాంతో పొగ, నుసి కిందే నిలిచిపోతాయి. బయటి గాలిని డక్టుల ద్వారా లోపలికి తీసుకునే నర్సింగ్ హోమ్‌లు, హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లు నడిపేవాళ్లు ఫిల్టర్ మార్చే పని అక్టోబరుకు ముందే ముగించుకోవాలి. ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉండే చోటైతే అసలు వాయిదా వేయొద్దు.

షాపులో “మంచి ఫిల్టర్ ఇవ్వండి” అని అడిగితే సరిపోదు, ఏ సైజు కణాలను ఆపాలో ముందు మనకు తెలియాలి. మెర్వ్ అనేది ఫిల్టర్ కణాలను ఎంత బాగా పడుతుందో చెప్పే, 1 నుంచి 16 వరకు ఉండే అమెరికా కొలమానం. మెర్వ్ 8 ఫిల్టర్ 3 నుంచి 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దుమ్ములో కనీసం 70 శాతాన్ని పట్టాలి. కానీ పొగ కణాలు చాలావరకు ఒక మైక్రాన్ కంటే చిన్నవి. ఆ సైజులో మెర్వ్ 8కి కనీస పరిమితి అంటూ ఏదీ పెట్టలేదు. మెర్వ్ 13 అయితే 0.3 నుంచి 1 మైక్రాన్ కణాల్లో కనీసం సగం ఆపాలి. అందుకే రోడ్డు దుమ్ము మాత్రమే సమస్య అయితే 8 చాలు, పొగ కూడా ఉంటే 13 అడగండి. కొన్ని కంపెనీలు ఐఎస్ఓ 16890 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం “ఈపీఎం1” (ఒక మైక్రాన్, అంతకంటే చిన్న కణాలు) అని రాసి పక్కన శాతం వేస్తాయి. పొగ కోసం చూడాల్సింది ఆ శాతమే. “కోర్స్” అని ఉంటే అది ముతక దుమ్ముకు మాత్రమే.

ఇక్కడే చాలామంది పొరపడతారు. నంబరు పెద్దదైతే మేలు అనుకుని పాత మెషిన్‌లో దట్టమైన ఫిల్టర్ బిగిస్తారు. గాలిని తోసే ఫ్యాన్‌కు, అంటే బ్లోయర్‌కు, అంత బలం లేకపోతే గాలి తగ్గిపోతుంది, గదుల్లో ఉక్కగా ఉంటుంది, చివరకు ఎవరో ఒకరు ఫిల్టరే తీసేస్తారు. కాబట్టి కొనేముందు మీ బ్లోయర్ ఎంత ప్రెజర్ తట్టుకుంటుందో టెక్నీషియన్‌తో లెక్క వేయించండి. మడతలు ఎక్కువగా, లోతు ఎక్కువగా ఉన్న ఫిల్టర్ అదే నంబరులో గాలిని కాస్త తేలిగ్గా వదులుతుంది. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ కణాల్లో 99.97 శాతం ఆపుతుంది నిజమే, కానీ అది ఆపరేషన్ థియేటర్ లాంటి వాటికి, దాని కోసమే కట్టిన మెషిన్‌కు. మామూలు డక్టుల్లో పెట్టేది కాదు. “హెపా టైప్” అని రాసి ఉన్నదాన్ని అసలు నమ్మొద్దు.

ఎంత మంచి ఫిల్టరైనా ఫ్రేమ్ అంచున సందు ఉంటే డబ్బులు దండగే. దోమతెర కట్టి, పక్క తలుపు తెరిచి పెట్టినట్టు. గాలి ఆ సందులోంచే పోతుంది. గాస్కెట్ (సందు మూసే అంచు పట్టీ) సరిగ్గా కూర్చుందో చేత్తో తడిమి చూడండి. గాలి వెళ్లే దిక్కుకు బాణం గుర్తు ఉందో లేదో కూడా చూడండి. సింథటిక్ ఫిల్టర్లలో కొన్ని స్టాటిక్ చార్జ్ మీద పనిచేస్తాయి, వాడేకొద్దీ చార్జ్ తగ్గి పట్టే శక్తి పడిపోతుంది. వాటిని కడిగి మళ్లీ బిగించొద్దు.

ఇంట్లో ఉండే మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది, దాని జాలి పెద్ద దుమ్మునే ఆపుతుంది. జాలిని కడుగుతూ ఉండండి, కానీ పొగ నుంచి కాపాడుతుందని అనుకోకండి.

ఇంకొకటి. కణాలను పట్టే ఫిల్టర్ ఏదీ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. గాలి లోపలికి తీసుకునే చోటు జనరేటర్ పొగగొట్టానికి దూరంగా ఉండాలి. చలికి తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ప్రాణానికే ముప్పు. హాస్టల్ వాచ్‌మన్ గదిలోనైనా సరే, పెట్టనివ్వొద్దు.

మార్చే రోజు, మొదట బ్లోయర్ ఆపేయండి. ఎన్95 మాస్క్ పెట్టుకుని, పాత ఫిల్టర్‌ను దులపకుండా నేరుగా కవర్‌లో పెట్టి మూతి కట్టేయండి. కొత్తదాని ఫ్రేమ్ మీద మార్కర్‌తో తేదీ రాయండి. పొగ ఎక్కువగా ఉన్న సీజన్‌లో కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే అది నిండిపోవచ్చు, కాబట్టి ప్రెజర్ గేజ్ ఉంటే దాన్ని వారానికోసారి చూస్తూ ఉండండి.