కరెంటు కారుకు వెనక టో హిచ్: కొనే ముందు, బిగించేటప్పుడు

రొయ్యల గుంటలున్నవాళ్లకు ఈ బాధ తెలుసు. పాతిక కిలోల మేత బస్తాలు పది వేస్తే కారు డిక్కీ, వెనక సీటు రెండూ అయిపోతాయి, ఆ వాసన మాత్రం నెల రోజులైనా పోదు, అదే కారులో పెళ్లికి వెళ్తే మనం ఏం వ్యాపారం చేస్తామో పక్కవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. నెల్లూరు నుంచి మైపాడు వైపు మా గుంటలకు పాతిక కిలోమీటర్లలోపే. దానికి రోజూ ఆటో మాట్లాడటం ఎందుకు, ఎలక్ట్రిక్ కారు ఉంది కదా, వెనక చిన్న ట్రైలర్ తగిలించుకుంటే పోలా అనుకున్నా. ఆ ట్రైలర్‌ను తగిలించడానికి కారు వెనక బిగించే ఇనుప అమరికే టో హిచ్.

ఆటోనగర్‌లో తెలిసిన వెల్డింగ్ అబ్బాయిని అడిగితే "దానికేముంది సార్, అట్టా ఒక ఛానల్ ముక్క పెట్టి వెల్డింగ్ కొట్టేద్దాం, గంట పని" అన్నాడు. ఆ గంట పనికి నాకు నాలుగు నెలలు పట్టింది. అప్పుడే సరే అని ఉంటే మాత్రం ఆ గంటలోనే కారు పాడయ్యేది.

అందరూ మొదట అడిగేది "ఇది లాగుతుందా?" అని. లాగుతుంది. కరెంటు మోటారుకు ఆగిన చోటనుంచే పూర్తి బలం ఉంటుంది, క్లచ్ కాలడం లేదు, గేరు దించడం లేదు. చూసుకోవాల్సింది వేరే: ఆ బరువును మీ కారు బ్రేకులు ఆపగలవా, హిచ్ బిగించే చోట చాసిస్ ఆ గుంజుడును తట్టుకుంటుందా. దీనికి జవాబు కారుతో వచ్చిన మాన్యువల్‌లోనే ఉంటుంది. "టోయింగ్" అన్న పేజీ తీయండి. బ్రేకులున్న ట్రైలర్‌కు ఎన్ని కిలోలు, బ్రేకులు లేనిదానికి ఎన్ని కిలోలు, హిచ్ చివర ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనుప గుండు, అంటే బాల్ మీద కిందికి పడే బరువు ఎంతవరకు, ఈ మూడు అంకెలు కావాలి. ట్రైలర్ లాగకూడదు అని రాసి ఉన్నా, అసలు అంకెలే లేకపోయినా, ముందు కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. షోరూంలో నోటిమాటగా "ఏం కాదు సార్" అన్నది లెక్కలోకి రాదు.

నెట్‌లో వేరే దేశం అంకెలు చూసి మోసపోకండి. హ్యుందాయ్ ఐయానిక్ 5 పెద్ద బ్యాటరీ మోడల్‌కు యూరప్‌లో బ్రేకులున్న ట్రైలర్ 1600 కిలోలు, బ్రేకులు లేనిది 750 కిలోలు అని ఉంటుంది. టెస్లా మోడల్ వైకి కూడా అక్కడ 1600 కిలోలే. అక్కడ ఆ పరీక్షలు చేయించి, ఆ అనుమతి తీసుకుని అమ్ముతారు. అదే పేరున్న కారు ఇక్కడ అమ్మినప్పుడు ఇక్కడి పుస్తకమే ప్రమాణం.

ఇంకో గందరగోళం కూడా ఉంది. డిక్కీలో స్టెప్నీ సామాన్లతో పాటు మరలు తిప్పి బిగించే ఒక కొక్కెం ఇస్తారు, మా వాళ్లు చాలామంది దాన్నే టో హిచ్ అనుకుంటారు. అది కారు బురదలో దిగబడితే బయటికి లాగడానికి, అంతే. దానికి ట్రైలర్ తగిలిస్తే ఊడి వస్తుంది. మాటలో మాటగా, చెడిపోయిన ఎలక్ట్రిక్ కారును కూడా మోటారుకు కలిపి ఉన్న చక్రాలు నేల మీద తిరిగేలా తాడు కట్టి ఈడ్చుకుపోకూడదు, చక్రం తిరిగితే మోటారు జనరేటర్‌లాగా కరెంటు పుట్టిస్తుంది, కారును పైకెక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీ పిలిపించుకోండి.

ఇక కాగితాల సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, అంటే రోడ్డెక్కాలంటే దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. అదే చట్టంలో 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని చెబుతుంది. కాబట్టి హిచ్ కొనడానికి ముందు ఆర్టీవో ఆఫీసుకు ఒకసారి, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరికి ఒకసారి వెళ్లి రండి. ట్రైలర్ అమ్మేవాడిని కూడా మొదటి మాటగా "రిజిస్ట్రేషన్‌కు కాగితాలు ఇస్తావా" అని అడగండి, నీళ్లు నమిలితే అక్కడితో ఆపేయండి. సొంత గుంటల గట్టు మీద తిప్పుకోవడం వేరు, కోవూరు దగ్గర హైవే ఎక్కడం వేరు.

ఇవన్నీ దాటాక హిచ్ ఎంపిక. రకాలు మూడు. ఎప్పుడూ బిగించే ఉండేది చవక, గట్టి, కానీ వెనక సెన్సార్లు రివర్స్‌లో దాన్నే అడ్డంకి అనుకుని కూస్తుంటాయి. తీసి పెట్టుకునేది ఖరీదు ఎక్కువ, అయినా నా ఓటు దానికే, కారణం చివర్లో చెబుతా. మూడోది చదరపు గొట్టం అమర్చి అందులో బాల్ ముక్క దూర్చి పిన్ను వేసేది, ఇది పెద్ద ఎస్‌యూవీలకు బాగుంటుంది, చిన్న కార్లకు మరీ కిందికి వేలాడి స్పీడ్ బ్రేకర్‌కు తగులుతుంది.

బాల్ సైజు దగ్గర వెర్నియర్ పెట్టి కొలవండి, కంటితో చూసి చెప్పొద్దు. యూరప్ పద్ధతి బాల్ 50 మిల్లీమీటర్లు, అమెరికా పద్ధతి 2 అంగుళాలు, అంటే 50.8. 0.8 మిల్లీమీటర్ల తేడాయే కదా అనిపిస్తుంది. ట్రైలర్ ముక్కున బాల్ మీద కూర్చునే గిన్నెను కప్పు అంటారు. 2 అంగుళాల కప్పును 50 బాల్ మీద వేస్తే వదులుగా కొట్టుకుంటూ గతుకులో ఎగిరిపోవచ్చు, 50 కప్పును 2 అంగుళాల బాల్ మీద వేస్తే గొళ్లెం పూర్తిగా పడదు, పడినట్టు కనిపిస్తుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం.

హిచ్ మీద రేకు ప్లేటు ఉంటుంది, దాని మీద డి విలువ, ఎస్ విలువ చెక్కి ఉంటాయి. ప్లేటే లేని హిచ్ కొనకండి. డి అంటే గుంజుడు తట్టుకునే శక్తి, కిలోన్యూటన్లలో. లెక్క సులువు: కారు పూర్తి లోడు బరువును ట్రైలర్ పూర్తి లోడు బరువుతో గుణించి, ఆ రెండింటి మొత్తంతో భాగించి, 9.81తో గుణించి, 1000తో భాగించాలి. కారు 1900 కిలోలు, ట్రైలర్ 500 కిలోలు అనుకుంటే దాదాపు 3.9 వస్తుంది. ప్లేటు మీద అంతకంటే ఎక్కువ ఉండాలి. ఎస్ అంటే బాల్ మీద నిలువుగా మోయగల కిలోలు. హిచ్‌కు సైకిల్ స్టాండు తగిలించేవాళ్లకు ఈ ఎస్సే ఎక్కువ ముఖ్యం. కొన్ని దేశాల్లో నిస్సాన్ లీఫ్ లాంటి కార్లకు ట్రైలర్ అనుమతి లేకపోయినా సైకిళ్ల కోసం మాత్రమే హిచ్‌లు అమ్ముతారు.

బాల్ మీద పడే బరువు గురించి ఎన్ని వీడియోలు చూసినా నాకు ఎక్కలేదు. ఎడ్లబండి తోలిన మా నాయన ఒక్క ముక్కలో చెప్పాడు. బండిలో బరువు వెనక్కి పడితే నొగ పైకి లేచి ఎద్దుల గొంతుకు పట్టేస్తుంది, ముందుకు ఎక్కువ పడితే కాడి మెడ మీద కూర్చుని ఒంగోలు గిత్తలైనా కుంగిపోతాయి. ట్రైలర్ కూడా అంతే. వెనక మొగ్గితే కారు తోకను పైకెత్తి 60 స్పీడులోనే అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, ఆ ఊగుడు ఒకసారి పట్టుకుంటే బ్రేకు కొట్టినా స్టీరింగ్ తిప్పినా ఇంకా పెరుగుతుంది, యాక్సిలరేటర్ మెల్లగా వదలడం తప్ప దారి లేదు. మరీ ముందుకు మొగ్గితే కారు ముందు చక్రాలు తేలికైపోతాయి. మన దగ్గర తిరిగే టాటా నెక్సాన్, ఎంజీ విండ్సర్ లాంటి ఎలక్ట్రిక్ కార్లు ముందు చక్రాలతో నడిచేవి, వాటికి ఇది డబుల్ దెబ్బ: వాన పడిన గుంట గట్టు మీద నల్లమట్టిలో ముందు టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, నేను రెండుసార్లు ఇరుక్కుని ట్రాక్టర్ పిలిపించుకున్నా.

లోడు చేశాక ట్రైలర్ మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం దాకా బాల్ మీద పడేలా సర్దుకోండి, అది ఎస్ విలువనూ మాన్యువల్ అంకెనూ దాటకూడదు. కొలవడానికి రొయ్యలు తూచే కాటా చాలు. ట్రైలర్‌ను చదునైన చోట నిలబెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టి, ట్రైలర్ కప్పు కింద కాటా, కాటా మీద బాల్ ఎత్తుకు సరిపడా కర్రముక్క పెట్టండి. వచ్చిన అంకెలోంచి కర్ర బరువు తీసేయాలి. బస్తా ఒకటి ముందుకో వెనక్కో జరిపితే అంకె ఎలా మారుతుందో చూస్తే ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంకో మాట, ఈ బరువు కారు మోసే లోడులో భాగమే. కారులో ఐదుగురు ఎక్కి డిక్కీ నింపితే బాల్‌కు మిగిలేది ఏమీ ఉండదు.

బిగించడం. మీ మోడల్‌కే చేసిన కిట్ తీసుకోండి, "అన్నిటికీ సరిపోతుంది" అన్నది దేనికీ సరిపోదు. వెల్డింగ్ మాత్రం వద్దే వద్దు: వేడికి గట్టి స్టీలు బలం పోతుంది, వెల్డింగ్ కరెంటు కంప్యూటర్ బాక్సులను కాల్చేయగలదు, పైగా దగ్గర్లోనే కారు అడుగున బ్యాటరీ ప్యాక్ ఉంటుంది. కిట్ బోల్టులు చాసిస్‌లో కంపెనీ వదిలిన రంధ్రాల్లోకే వెళ్లాలి. కొత్తగా రంధ్రం వేయాలి అని మెకానిక్ అంటే ఎక్కడ, దాని వెనక ఏముంది అని చూపించమనండి. బ్యాటరీ ప్యాక్ అంచుకు, దాని ఫ్రేముకు డ్రిల్లు తగలకూడదు. నారింజ రంగు తొడుగున్న వైర్లు హై ఓల్టేజీవి, వాటిని పక్కకు జరపడం కూడా వద్దు.

కారును పైకెత్తేటప్పుడే చాలా నష్టం జరుగుతుంది. లిఫ్టు చేతులు అంచున కంపెనీ గుర్తు పెట్టిన నాలుగు చోట్లే ఆనాలి, ప్యాక్ కింద జాకీ పెడితే రేకు లోపలికి నొక్కుకుపోతుంది, అది వారంటీలోకి రాదు. మా మెకానిక్ "అన్నా, దీని కిందికి పోవాలంటే నాకే టెన్షన్‌గా ఉంది" అని నిజం ఒప్పుకున్నాడు, అందుకే అతనికే పని ఇచ్చా. ముందు 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీయించి, వెనక బంపర్ విప్పించా. కొన్ని కిట్‌లలో బంపర్ లోపలి అడ్డ కడ్డీ తీసేసి దాని చోట హిచ్ కడ్డీ వస్తుంది, పాతదాన్ని పారేయకుండా దాచుకోండి. బోల్టులన్నీ ముందు చేత్తో పట్టించి, హిచ్ నడిమధ్యకు వచ్చిందో లేదో చూసి, ఆ తర్వాతే టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచి చెప్పే పానాతో, కిట్ కాగితంలో ఉన్న అంకెకు బిగించాలి. పైపు తగిలించి "గట్టిగా" బిగించడం గట్టితనం కాదు, బోల్టు సాగిపోతుంది. వెయ్యి కిలోమీటర్లలోపు ఒకసారి మళ్లీ రెంచ్ పెట్టి చూడండి.

వైరింగ్ దగ్గర నేను దెబ్బతిన్నా. మొదట ఒకచోట టెయిల్ ల్యాంప్ వైరును గీకి జాయింట్ కొట్టి ట్రైలర్ లైట్లు ఇచ్చారు. సాయంత్రానికే స్క్రీన్ మీద పసుపు హెచ్చరికలు, ఒకవైపు ఇండికేటర్ గబగబా కొట్టుకోవడం. ఈ కార్లలో ఒక్కో బల్బు ఎంత కరెంటు తీసుకుంటుందో కంప్యూటర్ గమనిస్తుంటుంది, అదనపు లోడు పడితే తప్పు జరిగిందనుకుంటుంది. సరైన పద్ధతి బైపాస్ రిలే: కారు లైటు వైరు నుంచి సంకేతం మాత్రమే తీసుకుని, ట్రైలర్ లైట్లకు కరెంటు 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ద్వారా విడిగా ఇస్తుంది. మోడల్‌కు సరిపోయే వైరింగ్ కిట్ దొరికితే ఇంకా మేలు, ట్రైలర్ తగిలించిన సంగతి కారుకు తెలుస్తుంది, వెనక సెన్సార్లు వాటంతటవే ఆగుతాయి. లేకపోతే వెనక ఆటో బ్రేకును మీరే సెట్టింగుల్లో ఆపుకోవాలి, మర్చిపోతే రివర్స్‌లో ట్రైలర్‌ను చూసి కారు టక్కున ఆగిపోతుంది.

తగిలించాక గొళ్లెం పడిందో లేదో తెలియాలంటే ట్రైలర్ జాకీ తిప్పి కారు వెనక భాగం ఒక రెండు అంగుళాలు పైకి లేచేలా ఎత్తి చూడండి, ఊడకపోతే పడినట్టే. సేఫ్టీ గొలుసులు రెండూ ట్రైలర్ ముక్కు కింద ఒకదాన్నొకటి అడ్డంగా దాటేలా తగిలించాలి, కప్పు ఊడినా ట్రైలర్ ముక్కు నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది. టైర్లలో గాలి ఫుల్ లోడుకు రాసిన అంకెకు పెట్టించండి. కూలీలను ట్రైలర్‌లో ఎక్కించుకోవద్దు, గట్టు మీద అయినా సరే.

నడిపేటప్పుడు రీజెన్, అంటే కాలు తీయగానే మోటారే కారును ఆపుతూ బ్యాటరీని నింపే ఏర్పాటు, తక్కువ స్థాయిలో పెట్టండి. ఎక్కువలో పెడితే కాలు తీయగానే కారు ఆగుతుంది, బ్రేకుల్లేని ట్రైలర్ ఆగదు, వెనకనుంచి నెడుతుంది, తడి రోడ్డు మీద అది చాలా చెడ్డది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ లాంటి చోట దిగాలంటే బ్యాటరీ 100 శాతం నింపుకుని బయల్దేరకండి, నిండిన బ్యాటరీ రీజెన్ కరెంటును తీసుకోలేదు, బరువంతా బ్రేకు ప్యాడ్ల మీద పడుతుంది.

రేంజ్ పడిపోవడం ఖాయం. ఖాళీగా యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు ఇచ్చే నా కారు, మేత లోడుతో 50 స్పీడులో ఐదుకు వచ్చింది, అది కూడా గాలి తగలని పొట్టి ట్రైలర్ కాబట్టి. ఎత్తుగా డబ్బాలాంటిది తగిలిస్తే సగానికి పడినా ఆశ్చర్యం లేదు. నెల్లూరు నుంచి ఒంగోలు 120 కిలోమీటర్లు, మామూలుగా ఆగకుండా పోయే దూరమే, ట్రైలర్‌తో అయితే కావలిలో ఒక చార్జింగ్ పెట్టుకుంటా. అక్కడ ఇంకో తంటా, చార్జర్ ముందు కారు పట్టే జాగానే ఉంటుంది, ట్రైలర్ విప్పి పక్కన పెట్టాలి. చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్కముక్కలు, ఒక తాళం వెంట ఉంచుకోండి.

తీసి పెట్టుకునే హిచ్చే కొనమన్నది ఉప్పుగాలి వల్ల. మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం వైపు తిరిగేవాళ్లకు ఇనుము ఆరు నెలలకే పొక్కులు లేస్తుంది. పని అయ్యాక బాల్ ముక్క తీసి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, గొళ్లెం దగ్గర కాస్త గ్రీజు రాసి డిక్కీలో పెట్టేస్తా, వైరు ప్లగ్గుకు మూత, పిన్నుల మీద కొంచెం స్ప్రే. పడవ దింపడానికో, గుంట నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ దించడానికో వెనక చక్రాలను నీళ్లలోకి దింపే పని మాత్రం ఎలక్ట్రిక్ కారుతో పెట్టుకోను. బిగించి ఉంచాల్సిన రోజు బాల్ మీద ప్లాస్టిక్ టోపీ తప్పనిసరి, ఎందుకంటే మొన్న సంక్రాంతికి కొత్త తెల్ల పంచె కట్టుకుని వచ్చిన మా మామ కారు వెనకనుంచి నడిచి వెళ్లాడు, మోకాలి దగ్గర గుండ్రంగా పడిన నల్లటి గ్రీజు మరకను మా అత్త ఇప్పటికీ ఎవరొచ్చినా చూపిస్తోంది.