దళితవాడలో సర్వేకి వెళ్తున్నారా? పట్టా దగ్గర మొదలుపెట్టండి

బంగారుపాళ్యం వైపు సర్వేకి వెళ్లే పిల్లలకి నేను చెప్పేదిదే. ఆదాయం సంగతి తర్వాత, ముందు "డీకేటీ పట్టా ఉందా అవ్వా?" అని అడగండి. పేదలకి సాగుకోసం ప్రభుత్వం ఇచ్చిన భూమి కాగితం అది. ట్రంకుపెట్టె అడుగునుంచి, ప్లాస్టిక్ కవర్లో, మడతల దగ్గర చిరిగిన కాగితం వస్తుంది. సర్వే నంబరు రాసుకుని ప్రభుత్వ మీభూమి వెబ్‌సైట్లో 1-బి (భూమి ఎవరి పేరున ఉందో), అడంగల్ (సాగు ఎవరిదో) చూడండి.

పట్టా అవ్వ పేరున, సాగు ఇంకొకరి పేరున ఉంటే అసలు కథ అక్కడుంది. పెళ్లికో ఆస్పత్రికో చేసిన అప్పు కింద భూమి చేయి మారి ఉంటుంది. ఆ తోటలోనే ఇప్పుడామె తోతాపురి కాయలు కోసే కూలి. సాగులో లేని భూమిపై బ్యాంకు పంట రుణమూ కష్టమే. మళ్లీ వడ్డీవ్యాపారే దిక్కు.

"తాగుడు వల్లే" అని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. రాసుకోండి. తాగేవాళ్లు పెద్దకులాల వీధిలోనూ ఉన్నారు, వాళ్ల భూములు పోలేదే!

ఇలా ప్రభుత్వం ఇచ్చిన (అసైన్డ్) భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023 సవరణలో 20 ఏళ్లు దాటిన పట్టాలకి సడలింపు ఇచ్చారు, కాబట్టి తేదీ తప్పక చూడండి. దౌర్జన్యంగా లాక్కుని ఉంటే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఉంది.

అర్జీ తహసీల్దారుకి ఇవ్వండి. కదలకపోతే సోమవారం చిత్తూరు కలెక్టరేట్‌కి. రసీదు లేకుండా బయటికి రావద్దు.