చెవికి సాధన: పాటకూ, పరభాషకూ

ఒక్కసారి విన్న పాటను తప్పు పోకుండా పాడేవారినీ, ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి భాషను పట్టుకునేవారినీ చూసి ‘అది పుట్టుకతో రావాలి’ అనేస్తుంటాం. నెల్లూరు వైపు ఈ మాటకు సాక్ష్యంగా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిని చూపుతారు. శాస్త్రీయ సంగీతాన్ని పద్ధతిగా అభ్యసించకపోయినా, తెలుగు, తమిళ, కన్నడ, హిందీ పాటలకు కలిపి ఆయన ఆరు జాతీయ పురస్కారాలు అందుకున్నారు. అయితే ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథకులన్న సంగతిని కూడా దీనితో కలిపి చెప్పుకోవాలి. నిత్యం పాట వినబడే ఇంట్లో పెరగడమూ శిక్షణే. అలాంటి ఇల్లు దొరకనివారు పెద్దయ్యాక చెవిని ఎలా సిద్ధం చేసుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ఏ ఆధారమూ లేకుండా స్వరాన్ని పేరు పెట్టి చెప్పగలిగే శక్తి చాలా కొద్దిమందికే ఉంటుంది. కర్ణాటక సంగీతానికి దానితో పని లేదు. ఇక్కడ షడ్జమం, అంటే మొదటి స్వరమైన ‘స’, పాడేవారి గొంతును బట్టి నిర్ణయమవుతుంది, మిగిలిన స్వరాలను అక్కడి నుంచి ఎంత దూరమో విని పట్టుకోవాలి. ఆ దూరాన్ని వినడం ఏ వయసులోనైనా అలవడుతుంది.

అందుకు ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించే శ్రుతిపెట్టె యాప్ ఫోనులో ఉంటే చాలు. శ్రుతి ఎంత ఎత్తులో ఉందో అందులోని అంకెలు చెబుతాయి. మగవారు ఒకటి, ఒకటిన్నర శ్రుతి దగ్గరా, ఆడవారు ఐదు, ఐదున్నర దగ్గరా మొదలుపెట్టి, తమ గొంతుకు హాయిగా ఉన్నచోట స్థిరపడాలి. ముందు కాసేపు పాడకుండా వినండి. తర్వాత పెదవులు మూసి షడ్జమాన్ని కూనిరాగంగా పట్టండి. మీ స్వరం శ్రుతికి కాస్త ఎక్కువగానో తక్కువగానో ఉంటే రెండు నాదాల మధ్య ఒక ఊగిసలాట వినిపిస్తుంది. దగ్గరయ్యేకొద్దీ అది నెమ్మదిస్తుంది, కలిసిన క్షణాన ఆగిపోతుంది. ఆ ఆగడాన్ని గుర్తించేదాకా తర్వాతి పాఠానికి వెళ్లవద్దు.

ఆ పైన సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలను మాయామాళవగౌళ రాగంలో పాడి, వెంటనే శంకరాభరణ రాగంలో పాడండి. ఈ రెండింటికీ రిషభ, ధైవతాలే (రి, ద) తేడా, మిగిలిన స్వరాలన్నీ ఒకటే. కాబట్టి చెవి ఆ రెండు చోట్లే నిలిచి, ఎంత మారిందో కొలుచుకుంటుంది. పదిమంది పాటలు పైపైన వినడం కన్నా ఈ ఒక్క పోలిక ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం.

భాష దగ్గరా వరస ఇదే, కానీ అడ్డంకి వేరు. పసిబిడ్డలు మొదటి నెలల్లో ఇతర భాషల ధ్వనుల్లోని తేడాలను కూడా పసిగట్టగలరు. ఏడాది నిండేసరికి ఇంట్లో వినబడే ధ్వనులకే చెవి అలవాటుపడుతుంది. అందుకే పెద్దయ్యాక కొత్త ధ్వని చెవిన పడగానే మన అక్షరాల్లో దగ్గరిదానిగా మార్చేసుకుంటాం. తమిళంలో చిలుకను చెప్పే పదాన్నీ, చింపు అని చెప్పే పదాన్నీ తెలుగులో రాస్తే రెండూ ‘కిళి’ అనే వస్తాయి. చిలుకలో నాలుక కొన పైకి మడిచి అంగిలిని తాకుతుంది, రెండోదానిలో మడిచినా తాకకుండా నిలుస్తుంది. మామూలు మాటల్లో తమిళులు కూడా చాలామంది ఈ తేడాను వదిలేస్తారు కనుక, మొదట వార్తలు చదివేవారి ఉచ్చారణనే వినాలి.

నెల్లూరు, ఒంగోలు స్టేషన్లలో కూర్చున్నవారికి హిందీ పాఠం ఉచితంగానే దొరుకుతుంది. రైలు నంబరు, ఊర్ల పేర్లు, ప్లాట్‌ఫారం వివరాలు తెలుగు ప్రకటనలోనే తెలిసిపోతాయి. అర్థం కోసం వెతుక్కోవలసిన పని ఉండదు కాబట్టి, హిందీ ప్రకటన వచ్చేసరికి ధ్వని మీదే మనసు పెట్టవచ్చు. హల్లుతో ముగిసే మాటలను గమనించండి. అజంతానికి, అంటే అచ్చుతో ముగిసే మాటకు, అలవాటుపడిన మన నోరు అక్కడ ‘ఉ’కారాన్ని చేర్చబోతుంది.

ఇంటికి వచ్చాక మూడు నాలుగు సెకన్ల మాటను ఎంచుకొని, నోరు మెదపకుండా మళ్లీ మళ్లీ వినండి. తర్వాత పదాలు వదిలి, ఆ వాక్యం ఎక్కడ లేచి ఎక్కడ దిగిందో కూనిరాగంగా తీయండి. ఇక్కడే సంగీత సాధన అక్కరకు వస్తుంది. అప్పుడు పలికి, రికార్డు చేసి, అసలుదాని పక్కన పెట్టి వినండి. తేడా వినబడినచోట నాలుకను సరిచేయాలి, వినబడకపోతే తిరిగి వినడానికే వెళ్లాలి. రోజూ పావుగంట చాలు. ఆదివారం మొత్తం కూర్చోవడం వల్ల ఆ ఫలితం రాదు.

పిల్లల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తరచూ చెవి కారే బిడ్డను, పిలిస్తే పలకని బిడ్డను ‘శ్రద్ధ లేదు’ అని కోప్పడక ముందు చెవి వైద్యుడికి చూపించండి.

కొత్త భాష మాటలను తెలుగు లిపిలో రాసుకోవడం మొదటి కొన్ని వారాలు మానేయండి. చెవికి ఆ ధ్వనులు విడివిడిగా వినబడసాగాక రాసుకోండి. అప్పుడైనా మనకు లేని ధ్వని వచ్చినచోట అక్షరం కింద ఒక గీత గీసి పెట్టుకోండి.