వేసవి సంబరాల్లో తెర సినిమా: పడమటి గాలి లేచేలోపు

ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ తొలివారాల దాకా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అమ్మోరి సంబరాలు. పగలంతా ఉడికిపోయిన జనం పొద్దు వాలాక ఊరి బయలులో చాపలేసుకుని సినిమా చూద్దామంటే కాదనేవాళ్లుండరు. చిక్కల్లా ఒక్కటే. ఎండకు ఒడిశా కొండల మీద, తూర్పు కనుమల మీద పేరుకున్న మబ్బు మైదానంలోకి దిగి ఈదురుగాలి, పిడుగులు తెచ్చేది కూడా తరచు సాయంత్రం వేళే. కనక తెర ఎంత గట్టిగా కట్టాలన్నది తర్వాతి సంగతి. ఎంత వేగంగా దించగలరో ముందు తేల్చుకోండి. తెరచాప ఎత్తి వేటకెళ్లిన పెద్దలు బారువలోనో కళింగపట్నంలోనో ఉంటే అడగండి, గాలి రేగితే మొదట చెయ్యి దేని మీదికి పోతుందో చెబుతారు.

తెర కూడా తెరచాపే. 12 అడుగుల వెడల్పు, ఆరు ముప్పావు అడుగుల ఎత్తు ఉన్న మామూలు తెర తీసుకుందాం. గంటకు 40 కి.మీ. గాలి దాని మీద దాదాపు 75 కిలోల బరువుతో నెడుతుంది. 60 కి.మీ. అయితే అది 170 కిలోలకు చేరుతుంది. గాలి వేగం రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలవుతుంది మరి. వాతావరణ శాఖ హెచ్చరికలో 'గంటకు 40–50 కి.మీ. వేగంతో గాలులు' అని కనిపించిన రోజున ఈ లెక్క గుర్తుండాలి.

తెర ముఖం తూర్పుకు పెట్టడం మంచిది. పొద్దు గుంకాక మిగిలే పడమటి వెలుగు తెర వెనక్కి పోతుంది, బొమ్మ త్వరగా తేటపడుతుంది. కానీ దీనికో వెల ఉంది. సాయంత్రమంతా సముద్రపు గాలి దక్షిణం, ఆగ్నేయం నుంచి తెర ముందువైపును నెడుతూ ఉంటుంది. ఈదురుగాలి మాత్రం ఒక్కసారిగా పడమట నుంచి, అంటే తెర వెనక నుంచి వచ్చి, తెరను జనం మీదికి తోస్తుంది. ముందు తాళ్లు ఎన్ని ఉన్నా ఈ తోపును ఆపలేవు. అప్పుడు కాసేది వెనక తాళ్లే.

16 అడుగుల సరుగుడు గడలు రెండు తీసుకుని మూడేసి అడుగులు భూమిలో పాతండి. చుట్టూ రాళ్లు వేసి దిమ్మిస కొట్టాలి. పైన మిగిలేది 13 అడుగులు. ప్రతి గడకూ వెనక రెండు తాళ్లు, ముందు ఒకటి, పక్కకు ఒకటి. నైలాన్ తాడు 10–12 మి.మీ. మందం చాలు. మేకును గడ ఎత్తుకు సమానమైన దూరంలో, అంటే 13 అడుగుల అవతల దిగ్గొట్టాలి. దగ్గరగా కొడితే తాడు నిటారుగా నిలిచి మేకును పైకి పీకేస్తుంది. మేకు మూడడుగుల ఇనుప కడ్డీ అయితే రెండడుగులు నేలలోకి పోవాలి, తల తెరకు దూరంగా, అవతలి వైపు వాలాలి. సముద్రపు ఒడ్డున ఇసకలో మేకులు నిలవవు. ఇసక నింపిన బస్తాకు తాడు కట్టి రెండు, మూడడుగుల లోతున పూడ్చడమే దారి. నాగావళి, వంశధార ఇసకతిన్నెల మీద మాత్రం వేయకండి. పైన ఒడిశాలో వాన పడితే ఇక్కడ చుక్క రాలకుండానే నీరు వచ్చేస్తుంది.

బట్టను నేరుగా గడలకు కట్టేయడం ఎక్కువమంది చేసే తప్పు. పై అంచును వెదురుబొంగుకు కుట్టి, ఆ బొంగును రెండు గడల కొసలకు బిగించిన కప్పీల మీదుగా ఎత్తండి. ఎత్తిన తాళ్లను కింద జారుముడితో కట్టాలి, లాగితే ఊడిరావాలి. కింది రెండు మూలలకు పురికొస వేయండి. గాలి మించితే ముందు అది తెగుతుంది, బట్ట పైకి లేచి గాలిని వదిలేస్తుంది. నాలుగు మూలలూ నైలాన్‌తో బిగిస్తే బట్ట చిరగదు, తాడు తెగదు, గడలే విరుగుతాయి. పొద్దుండగానే ఇద్దరితో రెండుసార్లు దింపించి చూడండి. నిమిషం దాటితే ముడి మార్చండి.

తెర మొదలు నుంచి 20 అడుగుల లోపల ఎవర్నీ కూర్చోనివ్వకండి. గడ పడినా తగలని దూరం అది. ప్రొజెక్టర్ ఆ హద్దు లోపలే ఉండాల్సి రావచ్చు. పెట్టె మీద త్రో నిష్పత్తి (బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో యంత్రం ఉండాలన్నది) 1.5 అని ఉంటే 12 అడుగుల బొమ్మకు అది 18 అడుగుల దూరంలో నిలుస్తుంది. యంత్రం ఉంటే ఉండనివ్వండి, దాని పక్కన పిల్లలు చేరకుండా చూడండి. గడలు ఎత్తే చోటికి కరెంటు తీగలు కనీసం 25 అడుగుల దూరంలో ఉండాలి. 11 కేవీ తీగకు పచ్చిగడ తగిలితే పట్టుకున్నవాళ్లకు తప్పించుకునే వ్యవధి ఉండదు.

మే నడుమ శ్రీకాకుళంలో పొద్దు గుంకేది 6.20 ప్రాంతంలో. బొమ్మ తేటపడేది ఏడు దాటాకే. ఏడూ పదికి మొదలుపెడితే రెండున్నర గంటల సినిమా, పది నిమిషాల విరామంతో 9.50కి అయిపోతుంది. శబ్ద కాలుష్య నియమాలు (2000) రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకును ఒప్పుకోవు. కాబట్టి దండలూ ఉపన్యాసాలూ ఆరున్నరకే ముగించెయ్యాలి, పెద్దమనుషులు కొంచెం చిన్నబుచ్చుకున్నా సరే. మైకుకు, ప్రదర్శనకు పోలీస్ స్టేషన్, తహసీల్దార్ కార్యాలయాల్లో వారం ముందే అడగండి. సినిమాకు హక్కుదారు అనుమతి వేరే కావాలి. ఇంట్లో చూసుకోవడానికి కట్టిన ఓటీటీ చందా ఊరందరికీ వేయడానికి చెల్లదు.

కరెంటు సంగతి. ప్రొజెక్టర్ 350 వాట్లు, ఆంప్లిఫైయర్ 500, దీపాలు, ఫ్యాను 150: మొత్తం కిలోవాటు. 2 కేవీఏ జనరేటర్ ఇచ్చేది 1.6 కిలోవాట్లే. దానితో జరుగుతుంది గాని 2.5 అయితే నిబ్బరం. గంటకు లీటరు పెట్రోలు లెక్కన మొదలుపెట్టే ముందే ట్యాంకు నింపాలి. విరామంలో పోయాల్సి వస్తే ఆపి, పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వాలి. వేడి సైలెన్సర్ మీద పెట్రోలు చిందితే భగ్గుమంటుంది. పొగ జనం మీదికి రాకుండా ఉత్తరం వైపు 50 అడుగుల అవతల ఉంచండి, గడ్డికుప్పల పక్కన మాత్రం వద్దు. తీగ 2.5 చదరపు మి.మీ. రాగిది వాడండి, అతుకులు నేల మీద ఉంచకండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే దానంతటదే పడి సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. అయితే చాలా చిన్న జనరేటర్లలో న్యూట్రల్ భూమికి కలిపి ఉండదు, ఆ బిగింపు లేకుండా ఆర్.సి.సి.బి. షాకు తగిలినా పడకపోవచ్చు. ఎర్తు కడ్డీ వేయించి, టెస్ట్ బటన్ నొక్కి, ఎలక్ట్రీషియన్‌తో సరిచూపించుకోండి. జనరేటర్ బదులు లైను కావాలంటే ఈపీడీసీఎల్ దగ్గర తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి (ఫోను 1912). స్తంభానికి కొక్కెం తగిలించడం నేరం, పైగా వాన మొదలయ్యాక దాన్ని తీసే ధైర్యం ఎవరికీ ఉండదు. ప్రొజెక్టర్‌కు ఒక చిన్న యూపీఎస్ పెట్టండి. దీపం ఉన్న రకం హఠాత్తుగా ఆగితే లోపలి ఫ్యాను కూడా ఆగి వేడికి దీపం పాడవుతుంది.

నేలకు నీళ్లు నాలుగున్నరకే చల్లెయ్యండి. ఆరింటికి చల్లితే వైర్లు తడిలో పడతాయి.

ఇక ఆకాశం. సినిమా చూడని మనిషి ఒకడు కావాలి. స్పీకర్ల మోతలో ఉరుము వినిపించదు, తెర వైపు చూసేవాళ్లకు తెర వెనక మెరుపు కనిపించదు. ఈ మనిషి గుంపుకు దూరంగా కూర్చుని పడమర చూస్తుండాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెట్టాలి: మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు వినిపిస్తే పిడుగు పది కి.మీ. దూరంలోనే ఉన్నట్టు, బొమ్మ ఆపేయండి. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచాకే మళ్లీ మొదలు. ఫోనులో దామిని యాప్ పెట్టుకుంటే 20, 40 కి.మీ. లోపల పడుతున్నవి చూపిస్తుంది. ఇంకో గుర్తు ఒంటికే తెలుస్తుంది: అప్పటిదాకా వీస్తున్న సముద్రపు గాలి చటుక్కున ఆగి, పడమట నుంచి చల్లటి గాలి తగిలిందంటే చేతిలో ఉన్నవి కొద్ది నిమిషాలే. వరస ఇలా: మైకులో నెమ్మదిగా చెప్పడం, బ్యాటరీ దీపాలు వెలిగించడం, తెర దించడం, ప్రొజెక్టర్ ఆపి ప్లగ్గులు పీకడం. దీపాలు జనరేటర్ మీద ఆధారపడినవైతే చీకట్లో తొక్కిసలాట తప్పదు. జనం వెళ్లాల్సింది బడి శ్లాబు కిందికి. తాడిచెట్ల కిందికి, రేకుల పందిట్లోకి వద్దు. కళింగపట్నం, భీమిలి రేవుల్లో తుఫాను హెచ్చరిక ఎగరేసిన రోజుల్లో తెర బయటికి తీయనే వద్దు.

కూర్చోబెట్టడం: చాపలు ముందు, కుర్చీలు వెనక, మధ్యలో ఆరడుగుల దారి. నిద్రపోయే పిల్లల్ని చాపల అంచున కాక గుంపు నడుమ పడుకోబెట్టాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్లను కరిస్తే నొప్పి కూడా సరిగ్గా తెలియదు. ముందురోజే చుట్టూ పొదలు కొట్టించండి, రాళ్లకుప్పలు తీయించండి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏవీ చేయకండి. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కోండి.

నూటయాభై మందికి 20 లీటర్ల నీళ్ల క్యాన్లు కనీసం ఆరు. తరవాణి, చోడి అంబలి, మజ్జిగ ఉంటే కూల్‌డ్రింకు కంటే మేలు. తొలి వాన పడ్డ మర్నాటి నుంచి ఉసిళ్లు లెన్సు వెలుగులోకి ఎగబడతాయి. దూరంగా ఒక తెల్ల దీపం పెట్టి మరల్చండి. దోమలకు వేపాకు పొగ వేస్తే ప్రొజెక్టర్ వెలుగు దారికి అడ్డం రాకుండా చూసుకోవాలి.

ఉద్దానంలో, అంటే మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు, ఇంకో జాగ్రత్త. జీడిపండు, పనసపండు కోసం ఎలుగుబంట్లు తోటల్లోకి వస్తాయి. పనస తొక్కలు, జీడిపళ్ల పిప్పి దుకాణాల దగ్గర గుట్టపడకుండా ఎప్పటికప్పుడు పూడ్చాలి. సినిమా అయ్యాక తోటల దారిన ఒంటరిగా ఎవర్నీ పంపకండి. టార్చిలతో, గట్టిగా మాట్లాడుకుంటూ గుంపుగా వెళ్లాలి. చివరి మనిషి ఇల్లు చేరాకే దీపాలు ఆర్పండి.

తడిసిన తెరను మడిచి పెడితే రెండు రోజుల్లో బూజు మచ్చలు పడతాయి, అవి పోవు. రాత్రే పరిచి ఆరేయండి. మేకులు మాత్రం తెల్లారేదాకా ఉంచవద్దు. తెల్లవారుజామున పొలాలకు పోయే పశువులు వాటి మీదే కాలు వేస్తాయి.